తెల్లవారుజాము మూడు గంటల నీళ్ళు: గ్రామసభలో ఒక్క తీర్మానం రాయించుకోవడానికి మేం పడిన పాట్లు

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఎందుకంటే అందరం ఒకే ట్యాంకు నీళ్ళు తాగేవాళ్ళం, రేపు మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. 2025 ఉగాది అప్పుడు మా ఊళ్ళో మంచినీళ్ళు వదిలే టైమ్ మార్చేశారు. దాన్ని మళ్ళీ సరైన టైముకు తెప్పించడానికి ఆడవాళ్ళం దసరా దాటేదాకా తిరిగాం. వినేవాళ్ళకు ఇది చాలా చిన్న పని అనిపిస్తుంది, మాకూ మొదట్లో అట్లే అనిపించింది, ఒక మాట చెప్తే అయిపోతుంది కదా అనుకున్నాం. వేరే ఊళ్ళలో ఇట్లాంటి పని పెట్టుకునే ఆడవాళ్ళకు ఏమేం ఎదురవుతాయో తెలియాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ ఉగాది మార్చి 30. పండగ అయిన రెండు మూడు రోజులకు రాత్రి భోజనాల వేళ చాటింపు వేశారు. రేపటి నుంచి నీళ్ళు తెల్లవారుజాము మూడుకు వదులుతారు, ఐదుకల్లా ఆపేస్తారు అని. అంతకుముందు ఆరుకు వచ్చేవి. ఎవరు చెప్పినారు ఇట్ల అని మా ఆయన్ను అడిగితే "రచ్చకట్ట కాడ మాట్లాడుకున్యారు" అన్నాడు. నువ్వూ ఉన్నావా అంటే ఉన్నానన్నాడు. మరి ఎందుకు మూడుకు అంటే, కరెంటు, ఎండాకాలం, బోర్లు తగ్గినాయి, త్రీఫేజు టైమింగులు మారినాయి అన్నాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు. ఆ రోజు రచ్చకట్ట మీద కూర్చున్న వాళ్ళలో మా ఊళ్ళో బిందె ఎత్తి నీళ్ళు మోసే మనిషి ఒక్కరు కూడా లేరు.

మూడు గంటలకు నీళ్ళంటే ఏమిటో చెప్పాలి. రెండున్నరకు లేవాలి. మా ఇంటింటికీ కొళాయి ఉంది, కానీ ప్రెషర్ లేక నీళ్ళు పైకి ఎక్కవు, అందుకే కొళాయి కింద గుంత తవ్వి బిందె అందులోకి దించి పట్టుకుంటాం. నిండిన బిందెను గుంతలోంచి పైకి లాగాలి. జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. మా ఇంట్లో ఐదుగురం, అంటే 275 లీటర్లు, పదిహేను లీటర్ల బిందెతో పద్దెనిమిది పైమాటే. సన్నగా వచ్చే ధారతో ఒక్కో బిందె నిండేదాకా చీకట్లో కూర్చోవాలి. అవన్నీ పట్టి, తొట్టి నింపి, వాకిలి ఊడ్చి, వంట చేసి ఆరుకల్లా కరువు పనికి (ఉపాధి హామీ పనికి) పోవాలి, ఎండాకాలంలో పొద్దున్నే పోకపోతే ఎండకు చేయలేం. మధ్యాహ్నం ఇంటికొచ్చి కుట్టుమిషన్ ముందు కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చేది. నేను జాకెట్లు కుడతాను. ఒకరోజు సూది కింద వేలు పెట్టుకున్నంత పని అయింది. మా పెద్దమ్మాయికి టెన్త్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి సరిపోయింది. ఆ పిల్ల కూడా నాతోపాటే లేచేది, ఎందుకంటే ఒకరు నీళ్ళు పడుతుంటే ఒకరు మోయాలి. ఏ ఇంట్లోనూ ఆ పక్కన మోసేది మగపిల్లవాడు కాదు.

ఏప్రిల్ రెండో వారంలో మా పక్కింటి అవ్వ ఆ గుంత దగ్గరే చీకట్లో జారి పడింది. మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకొచ్చారు, బండ్లు, కట్టు, మందులు అన్నీ కలిపి ఆరు వేలు దాటిందని వాళ్ళ కోడలు లెక్క చెప్పింది. ఆ కోడలు, నేను, ఇంకో ముగ్గురం ఆ రోజే అనుకున్నాం, దీన్ని అడగాల అని.

ఏప్రిల్ 24న పంచాయతీరాజ్ దినోత్సవం, ఆ రోజు గ్రామసభ పెడతారని గ్రామ సచివాలయంలో తెలిసింది. కూలి మానుకుని పోయాం. కుర్చీలు ముందే నిండిపోయినాయి, మేం అరుగు కింద కూర్చున్నాం. పోగానే రిజిస్టరు మా చేతికి వచ్చింది, సంతకాలు పెట్టించుకున్నారు. తర్వాత ఏవో పనులు, బిల్లులు చదివారు. అవ్వ కోడలు లేచి నీళ్ళ టైమ్ గురించి అనగానే "అది ఈ రోజు అజెండాలో లేదమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. తర్వాత అంటే ఎప్పుడు అని అడిగే ధైర్యం మాలో ఎవరికీ రాలేదు. ఆమె కూర్చునేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఇంటికొచ్చే దారిలో ఎవరూ మాట్లాడలేదు. సభకు ఎంతమంది మహిళలు హాజరయ్యారు అనే లెక్కలో మాత్రం మేమందరం ఉన్నాం.

మే నెల మొత్తం ఎట్లా అడగాలో తెలుసుకోవడానికే పోయింది. మా డ్వాక్రా గ్రామ సంఘం పుస్తకాలు రాసే యానిమేటర్ అక్క ఒక ఉపాయం చెప్పింది: సభలో లేచి అడగడం కాదు, సభకు ముందే అర్జీ రాసి పంచాయతీ సెక్రటరీకి ఇచ్చి, రెండో కాపీ మీద తీసుకున్నట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోవాలి, అప్పుడు అజెండాలో లేదు అనడానికి వీలుండదు. ఊళ్ళో ఓటున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యులే, వార్డు మెంబరే అయి ఉండాల్సిన పని లేదు, ఇది కూడా ఆమె చెప్తేనే తెలిసింది. నేను అప్పటిదాకా గ్రామసభ అంటే సర్పంచి, మెంబర్లు మాట్లాడుకునేది, మనం వినేది అనుకునేదాన్ని.

అర్జీ రాయడానికి సచివాలయం పోయినప్పుడే ఇంకో సంగతి బయటపడింది. నీళ్ళ కోసం ఊళ్ళో ఒక కమిటీ ఉంటుంది, గ్రామ నీటి, పారిశుధ్య కమిటీ. అందులో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మా ఊరి కమిటీ జాబితా చూపించమంటే చూపించారు. అందులో నా పేరు ఉంది! 2023లో మండలంలో నీళ్ళు పరీక్ష చేసే కిట్టు మీద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చారు, నేనూ పోయాను, బహుశా ఆ జాబితా నుంచే ఇందులోకి ఎక్కించి ఉంటారు. నా పేరు ఎదురుగా మా ఆయన సంతకం. ఇంకో ఇద్దరి పేర్ల ఎదురుగా కూడా వాళ్ళ భర్తలవే. ఇంటికొచ్చి అడిగితే "రచ్చకట్ట కాడికి కాగితం తెచ్చినారు, ఇంట్లో లేదు కదాని పెట్టినా" అన్నాడు. దాంట్లో తప్పేముందో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. రెండేళ్ళుగా మా ఊరి నీళ్ళ గురించి నిర్ణయం చేసేవాళ్ళలో నేనొకదాన్ని, ఆ సంగతి నాకే తెలియదు. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది, కోపమో బాధో చెప్పలేను.

సంతకాలు సేకరించడం అన్నిటికన్నా కష్టమైన పని. సంఘం మీటింగులో అందరూ సరే అన్నారు, అర్జీ మీద పెట్టారు కూడా. రెండు రోజులకు ఒక్కొక్కరే వచ్చి "మా ఆయప్ప తిడతాండాడు, నాది కొట్టెయ్ అక్కా" అనడం మొదలుపెట్టారు. నేను ఎవర్నీ బలవంతపెట్టలేదు, ఎవరింట్లో పరిస్థితి వాళ్ళది. మా ఇంట్లో కూడా టెన్షన్ తక్కువేం లేదు. రచ్చకట్ట దగ్గర మా ఆయన్ను "ఏమప్పా, మీ ఇంట్లో ఈసారి సర్పంచికి నిలబెడ్తాండారా?" అని అడిగారంట. కొన్నాళ్ళు ఆయన అటుపక్క పోలేదు, ఇంట్లో నాతో సరిగా మాట్లాడలేదు, పళ్ళెం కూడా విసురుగా పెట్టేవాడు. మా అత్త నాకు వ్యతిరేకంగా ఉంటుందనే అనుకున్నాను. ఆమె ఒకరోజు కొడుకును కూర్చోబెట్టి, "నేను చేదబాయిలో నీళ్ళు చేదిన కాలంలో గూడా తెల్లారినాకనే పోతాంటిమి రా. మూడు గంటలకు ఆడమనిషిని లేపినోళ్ళను ఇప్పుడే చూస్తాండా" అంది. ఆ మాటతో ఇంట్లో గొడవ చాలావరకు తగ్గింది.

సెక్రటరీకి అర్జీ ఇచ్చాం, రసీదు కూడా ఇచ్చారు, కానీ తర్వాతి సభ ఎప్పుడో చెప్పలేమన్నారు. ఆయనదీ తప్పని అనలేను, రెండు మూడు పనులు ఒక్క మనిషి మీద ఉన్నాయి. అందుకే సోమవారం అర్జీలు తీసుకునే చోటికి కూడా పోదామనుకున్నాం. జూన్ 16 సోమవారం మండలానికి పోయాం. ఆటోకు పోను నలభై, రాను నలభై, జిరాక్సులు, టీలు, ఆ రోజు కరువు పని కూలి 307 రూపాయలు పోయింది. అక్కడ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, రాసుకుని కంప్యూటర్లో ఎక్కించి నెంబరు ఇచ్చారు. అయితే ఒకటి గమనించండి. నెంబరు, తర్వాతి సమాచారం అన్నీ ఫోనుకు మెసేజి రూపంలో వస్తాయి, మాలో చాలామంది ఆధార్‌కు ఉన్నది భర్త ఫోను నెంబరు. నాదీ అంతే. తనిఖీకి మనిషి వస్తున్నాడని మెసేజి మా ఆయన ఫోనుకు వచ్చింది, ఆయన పొలంలో ఉన్నాడు, విత్తనం పనిలో చూసుకోలేదు. ఇట్లాంటి పని మీద పోయేముందు మీ చేతిలో ఉండే ఫోను నెంబరే అక్కడ రాయించండి, ముందే చెప్పి మరీ రాయించండి.

జూలై మొదట్లో సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఊళ్ళోకొచ్చాడు. అర్జీ నా పేరు మీద ఉంది. వచ్చి మా ఇంటి ముందు బండి ఆపి "అన్న లేడా?" అని అడిగాడు. లేడంటే సర్పంచి ఇంటి దగ్గరికి పోయి అక్కడ మాట్లాడుతూ నిలబడ్డాడు. సర్పంచి అంటే సర్పంచి భర్తే. మా పంచాయతీ మహిళా రిజర్వేషన్, కానీ ఊళ్ళో ఎవరిని అడిగినా సర్పంచి అని ఆయననే చూపిస్తారు. నేను అవ్వ కోడల్ని పిలుచుకుని అక్కడికే పోయాను. "సార్, అర్జీ ఇచ్చింది మేము, మాతో మాట్లాడండి" అన్నాను. చిన్న వయసు పిల్లవాడు, కొంచెం ఇబ్బంది పడ్డాడు గానీ మర్యాదగానే మాట్లాడాడు. కిట్టు శిక్షణలో నన్ను చూసిన గుర్తు కూడా ఉంది అతనికి. అప్పుడు అతను చెప్పిన మాటే మాకు అన్నిటికన్నా పనికొచ్చింది. బోరు నుంచి ట్యాంకుకు నీళ్ళు ఎక్కడానికి త్రీఫేజు కావాలి, అది రోజుకు తొమ్మిది గంటలే ఇస్తారు, మా ఫీడరుకు (మా ఊరికొచ్చే కరెంటు లైనుకు) ఆ తొమ్మిది గంటలూ పగలే వస్తుంది, ట్యాంకు సాయంత్రానికి నిండుతుంది. ట్యాంకు నుంచి ఇళ్ళకు దిగడానికి కరెంటుతో పనే లేదు, గేట్‌వాల్వు తిప్పితే వాటికవే దిగుతాయి. అంటే మూడుకు వదిలినా ఆరుకు వదిలినా ట్యాంకులో ఉండే నీళ్ళు అవే!

మూడు నెలలు ఊరంతా కరెంటు కరెంటు అని నమ్మాం. మా ఆయన కూడా అబద్ధం చెప్పలేదు, ఆయనకు చెప్పింది ఆయన చెప్పాడు. అసలు సంగతి ఏమిటంటే, వాల్వు తిప్పే అన్న ఉగాది నుంచి పాల వ్యానులో పనికి కుదిరాడు, ఐదున్నరకు క్యాన్లు ఎక్కించాలి. ఆయన వచ్చి రచ్చకట్ట దగ్గర అడిగితే సరే మూడుకే వదులు అన్నారు. ఆయనకు పంచాయతీ ఇచ్చేది చాలా తక్కువ, అది కూడా నెలల తరబడి ఆగుతుంది, పాల పని వదులుకోమని మేం కూడా అనలేం. ఆయనతో నేను, యానిమేటర్ అక్క ఇంటికి పోయి మాట్లాడాం. ముందు కసురుకున్నాడు. తర్వాత "నాకు మాత్రం నిద్ర పడ్తాందా అక్కా" అన్నాడు. లోపల్నుంచి ఆయన భార్య వచ్చి, "ఈయప్పకు జ్వరమొచ్చినప్పుడంతా వాల్వు తిప్పింది నేనే గదా. పొద్దున ఆరుకు నేను తిప్పుతా. ఎవరు వద్దంటారు?" అంది. మాకు ఎవరికీ తట్టని మాట అది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే కూడా, ఆమె పెద్ద కీ పట్టుకుని ట్యాంకు వైపు పోవడం నేనే ఎన్నోసార్లు చూశాను.

అక్కడి నుంచి మా అర్జీలో రెండు కోరికలు అయినాయి: ఆరుకు నీళ్ళు, వాల్వు ఆమె చేతికి.

ఆగస్టు 15న జెండా ఎగరేశాక సభ అన్నారు. జెండా, చాక్లెట్లు, ఫొటోలు, రిజిస్టరులో సంతకాలు, అరగంటలో అయిపోయింది. మా అర్జీ రసీదు చూపిస్తే, అక్టోబరులో ఊరి ప్రణాళిక కోసం పెద్ద సభ ఉంటుంది, దాంట్లో తప్పకుండా పెడతాం అన్నారు. నేను సెక్రటరీ ఎదుటే ఆ రసీదు మీద "అక్టోబరు సభలో" అని రాసి ఆయన చేత సంతకం పెట్టించాను. ఏప్రిల్‌లో నోరు తెరవలేని నేను ఆ రోజు ఆ పని చేశానంటే నాకే ఆశ్చర్యం వేసింది. అదే రోజు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం మొదలైంది. మాకు ఇది నిజంగా కలిసొచ్చింది, తర్వాత మండలానికి పోయినప్పుడంతా ఆధార్ చూపించి బస్సులోనే పోయాం, ఆటో డబ్బులు మిగిలాయి, ఒక్కదాన్నే పోవాల్సిన చోట నలుగురం పోగలిగాం.

సెప్టెంబరులో సర్పంచి అక్కను కలిశాం. ఆమె భర్త లేని టైము చూసుకుని పోయాం, వంటింట్లోనే కూర్చున్నాం. ఆమె కూడా మా సంఘం సభ్యురాలే, కానీ నాలుగేళ్ళలో పంచాయతీ కుర్చీలో ఆమె కూర్చోగా నేను చూడలేదు. కాగితాలు ఇంటికే వస్తాయి, సంతకం పెడుతుంది. డబ్బులు తీయడానికి వాడే డిజిటల్ సంతకం కీ ఎట్లా ఉంటుందో చూశాను గానీ ఎప్పుడూ వాడలేదని చెప్పింది. నీళ్ళ సంగతి చెప్పబోతే ఆపేసి, "నాకు చెప్పేదేముంది? నేను గూడా మూడుకే లేస్తాండా గదా" అంది. అంతవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. సర్పంచి ఇంట్లో కూడా నీళ్ళు పట్టేది సర్పంచే. సభకు వచ్చి కుర్చీలో కూర్చుంటావా అక్కా అంటే చాలాసేపు ఏమీ అనలేదు. పొయ్యి కట్టేసి, "వస్తాలే" అంది.

ఆ ఏడు అక్టోబర్ 2 దసరా కూడా, కాబట్టి మా ఊళ్ళో సభను 9వ తేదీ గురువారానికి మార్చారు. అది చెనిక్కాయ (వేరుశనగ) పీకే కాలం, ఊళ్ళో ఆడవాళ్ళందరూ పొలాల్లో ఉంటారు. ఉదయం పదకొండుకు సభ పెడితే మగవాళ్ళే మిగులుతారు. సెక్రటరీ దగ్గరికి పోయి సాయంత్రం నాలుగుకు పెట్టమని అడిగాం, కొంచెం గొణిగి ఒప్పుకున్నారు. ఎవరైనా ఇట్లాంటి పని చేస్తుంటే ముందు సభ టైమ్ చూసుకోండి, అది ఆడవాళ్ళు రాలేని వేళకు పెడితే మిగతాదంతా వృథా. ఇంకో సంగతి, ఊరి ప్రణాళిక సభకు ముందు మహిళా సభ పెట్టాలని వాళ్ళ మార్గదర్శకాల్లోనే ఉంది. మా ఊళ్ళో ఎప్పుడూ పెట్టింది లేదు. మేం ముందు రోజు రాత్రి గుడి దగ్గర సంఘం మీటింగులాగా కూర్చుని, మాట్లాడిందంతా గ్రామ సంఘం మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టి, అదే మహిళా సభ అన్నాం. మరుసటి రోజు ఆ పుస్తకం చాలా అక్కరకొచ్చింది.

సభ రోజు నాకు పొద్దుటి నుంచి కడుపులో తిప్పినట్టుగా ఉంది. సర్పంచి అక్క వచ్చింది, వచ్చి కుర్చీలో కూర్చుంది, ఆమె భర్త పక్కన నిలబడ్డాడు. మేం చెనిక్కాయ చేన్ల నుంచి నేరుగా వచ్చాం, చేతులకు మట్టి అట్లే ఉంది. ఈసారి మేం కింద కూర్చోలేదు, స్కూలు నుంచి బెంచీలు అడిగి తెచ్చి వేసుకున్నాం. కాలనీ ఆడవాళ్ళు మాత్రం దూరంగా వేపచెట్టు దగ్గర నిలబడ్డారు, రమ్మన్నా రాలేదు.

మా అంశం వచ్చింది. యానిమేటర్ అక్క పుస్తకం చదివింది. ఒక పెద్దాయన వెంటనే "ఇంట్లో నీళ్ళ సంగతులు గూడా సభకు తెస్తే ఎట్లమ్మా? మొగోళ్ళు మాట్లాడి పెట్టినారు గదా" అన్నాడు. నేను లేచాను. గొంతు వణికింది, దాచుకోలేదు. "పెద్దాయనా, మీరు మాట్లాడి పెట్టింది మేం చేసే పని గురించి. మీ ఇంట్లో ఎన్ని బిందెలు పడతారో చెప్పండి" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఎవరో కరెంటు అన్నారు. ఇంజినీరింగ్ అసిస్టెంట్ అక్కడే ఉన్నాడు, వాల్వుకు కరెంటుతో సంబంధం లేదని అందరి ముందు చెప్పాడు. మేం ముందే బతిమాలి రప్పించాం అతన్ని. తర్వాత పాల పని సంగతి వచ్చింది, వాల్వు అన్న భార్య పేరు చెప్పగానే గోల మొదలైంది. ఆడమనిషి వాల్వు తిప్పేదేంది, రాత్రిపూట రిపేరొస్తే ఏం చేస్తుంది, ఇట్లా. ఆమె తన కుర్రవాణ్ణి చంకనేసుకుని లేచి, "మూడేండ్లుగా తిప్పుతాంటే ఎవరికీ కనపడలేదా? అప్పుడు వచ్చిన నీళ్ళు తాగలేదా మీరు?" అంది. ఆడవాళ్ళందరం ఒక్కసారిగా చప్పట్లు కొట్టాం, ముందు అనుకున్నది కాదు, అదంతట అది వచ్చింది.

అప్పుడు వేపచెట్టు దగ్గర నుంచి కాలనీ అమ్మాయి ఒకామె గట్టిగా అడిగింది. "ఆరుకు వదిలినా, ఏడుకు వదిలినా, పైవీధులు పట్టుకున్నంక మా దాకా వచ్చేసరికి బిందె గూడా నిండదు. మా మాట ఎవరు రాస్తారు?" మా అర్జీలో ఆ మాట లేదు. ఆమె లేచాకే అది సభలోకి వచ్చింది. కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. ఆడవాళ్ళలో కూడా పైవీధి వాళ్ళు కొందరు తల తిప్పుకున్నారు, నాకు అది చాలా బాధనిపించింది, పొద్దుటి నుంచి ఒక్క మాట మీద ఉన్నవాళ్ళం. సర్పంచి అక్క అప్పుడు మొదటిసారి మాట్లాడింది. రోజు మార్చి రోజు కాలనీ లైను ముందు తిప్పుదాం అంది. చిన్నగా అంది, పక్కన ఉన్న భర్త వంగి ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ అదే మాట గట్టిగా చెప్పింది.

తీర్మానం రాశారు. మేం సంతకం పెట్టే ముందు చదివి వినిపించమన్నాం. నీటి సరఫరా సమయాలపై చర్చ జరిగింది అని మాత్రమే ఉంది. టైమ్ లేదు, తేదీ లేదు, వాల్వు సంగతి లేదు, కాలనీ సంగతి లేదు. కావాలని చేశారో, అలవాటు కొద్దీ రాశారో తెలియదు. మళ్ళీ రాయించాం: అక్టోబర్ 13 నుంచి ఉదయం 6 నుంచి 8 వరకు నీళ్ళు, రోజు మార్చి రోజు కాలనీ లైను ముందు, ఉదయం వాల్వు ఫలానా ఆమె తిప్పాలి అని. చీకటి పడింది, చాలామంది మగవాళ్ళు లేచిపోయారు, మేం కదల్లేదు. చదివి వినిపించకుండా ఎవరూ సంతకం పెట్టకండి, నేను అందరికన్నా గట్టిగా చెప్పేది ఇదే.

తీర్మానం కాపీ కోసం మళ్ళీ తిరగాల్సి వచ్చింది. ఈ రోజు, రేపు అన్నారు. సమాచార హక్కు కింద అడుగుతామన్నాం. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఆ దరఖాస్తుకు ఫీజు కూడా లేదు, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఆ మాట అన్నాక దరఖాస్తు పెట్టాల్సిన పని లేకుండానే దీపావళి తర్వాత ఇచ్చేశారు. దాన్ని లామినేషన్ చేయించి సంఘం బీరువాలో పెట్టాం.

13వ తేదీ ఆరుంపావుకు నీళ్ళు వచ్చాయి. వెలుతురులో బిందె పట్టుకోవడం అంత సుఖంగా ఉంటుందని అంతకుముందు నాకు అనిపించనే లేదు. మా పాప ఆ రోజు ఏడు దాకా పడుకుంది. కానీ అంతా సాఫీగా ఏం పోలేదు. పది రోజులకు ఎవరో వాల్వు కీ దాచేశారు, అది దొరికేదాకా ఒక పూట నీళ్ళే లేవు, ఆమెను తిట్టారు. కాలనీకి ముందు తిప్పే రోజు పైవీధి నుంచి ఎవరో ఒకరు వచ్చి ట్యాంకు దగ్గర నిలబడతారు. యానిమేటర్ అక్క, నేను వంతులవారీగా ఆమెకు తోడు పోయాం కొన్నాళ్ళు. పైవీధిలో నాలుగిళ్ళ వాళ్ళు దసరాకు జాకెట్లు నాకు ఇవ్వలేదు, సంక్రాంతికి కూడా వేరే దగ్గర ఇచ్చారని తెలిసింది. పోయిన కూలీలు, ఆటోలు, జిరాక్సులు, ఆ జాకెట్ల డబ్బులు అన్నీ చూసుకుంటే నా వరకే నాలుగు వేలు దాటింది. మా ఆయన ఇప్పుడు రచ్చకట్టకు పోతున్నాడు. ఏదైనా ఊరి సంగతి అక్కడ వస్తే ఇంటికొచ్చి చెప్తున్నాడు, అది ఇంతకుముందు లేదు.

కమిటీ జాబితాలో నా పేరు ఎదుట సంతకం నాదే ఉండేలా మార్పించుకున్నాను, మిగతా ఇద్దరూ కూడా మార్పించుకున్నారు. కిట్టుతో ఫ్లోరైడు పరీక్ష చేసి, రంగు చార్టుతో పోల్చి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటిందా లేదా అని సచివాలయం బోర్డు మీద రాస్తున్నాం.

ఇంకా తేలనిది ఒకటుంది. ఉదయం వాల్వు తిప్పేది ఆమె, కానీ పంచాయతీ లెక్కల్లో డబ్బు ఆమె భర్త పేరు మీదే పడుతోంది, అది కూడా రెండు నెలలుగా ఆగి ఉంది. ఆమె పేరు మీద విడిగా ఇవ్వాలని డిసెంబరు మొదటి వారంలో అర్జీ ఇచ్చాం, రసీదు మీద ముద్ర, తేదీ ఉన్నాయి. పాలకవర్గం గడువు 2026 ఏప్రిల్ దాకానే కాబట్టి అంతకుముందే, జనవరి పంచాయతీ మీటింగులోనే ఈ అంశం పెట్టమని అడిగాం. సర్పంచి అక్క ఆ మీటింగుకు తనే వస్తానంది.